పెద్దమ్మ గీకకుండా వదిలిన రాయి

పెద్దమ్మ పోయింది. బస్టాండు దగ్గర నా టైలరింగ్ దుకాణం షట్టర్ ఎత్తుతుండగా అక్క ఫోన్ చేసి చెప్పింది. అక్క అంటే పెద్దమ్మకు ఒక్కగానొక్క కూతురు. "పొయ్యి మీద పాలు పొంగిపోయినాయే. లోపల్నుంచి ఒక్క తిట్టు కూడా రాలేదు. పోయి చూస్తే అమ్మ అయిపోయింది," అంది. మా ఇంట్లో ఎవరికైనా ఆ ఒక్క ముక్క చాలు. పాలు పొంగినా పెద్దమ్మ తిట్టలేదంటే ఇక ఆమె ఈ లోకంలో లేదన్నమాటే. షట్టర్ మళ్లీ కిందికి లాగి, తాళం వేసి, తర్లుపాడు రోడ్డులో ఉన్న వాళ్లింటికి ఆటో ఎక్కాను.

పోయినవాళ్ల గురించి రాయడానికి కూర్చుంటే ప్రతి మనిషీ శాంతమూర్తి అయిపోతాడు. చీమకు కూడా హాని తలపెట్టలేదంటాం. పెద్దమ్మ గురించి అట్లా రాయలేను. ఆమె చీమలకూ హాని తలపెట్టింది, మనుషులకూ తలపెట్టింది. ఆమె చేతి దెబ్బ తినని పిల్ల మా ఇంట్లో లేదు. నన్ను అట్లకాడతో కొట్టింది, చీపురుతో కొట్టింది, ఒకసారి చేతికి ఏదీ దొరక్క సొరకాయతో కొట్టింది. సొరకాయ రెండు ముక్కలైంది. ఆ ముక్కలు తరిగి పులుసు పెట్టి, అందరికంటే ముందు నాకే వడ్డించింది. దెబ్బకు ఏడిస్తే మళ్లీ కొట్టేది. "ఏడ్చి నీళ్లు దండగ చెయ్యబాక. ఈ ఊళ్లో నీళ్లు ఊరికే వస్తుండాయా?" అనేది.

నీళ్లు ఊరికే రావన్నది మార్కాపురంలో పుట్టినవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వేసవిలో వీధికి ట్యాంకర్ వస్తే బిందెల వరస మలుపు దాటిపోయేది. ఒకసారి ట్యాంకర్ భాయ్ తెలిసినవాళ్ల బిందెలు ముందు పట్టాడని పెద్దమ్మ తన ఇత్తడి బిందె ఎత్తి అతని మీదికి విసిరింది. అతను వంగాడు కాబట్టి బతికాడు. బిందె పోయి ట్యాంకర్ తలుపుకు తగిలి పెద్ద సొట్ట పడింది. పెద్దమ్మ పోయిన రోజు ఎవరూ పిలవకుండానే అతను ట్యాంకర్ నిండా నీళ్లు తెచ్చి గేటు ముందు ఆపాడు. సొట్ట అట్లాగే ఉంది. "రంగు వేయించినాను గానీ దీన్ని తీయించలేదమ్మా. మీ పెద్దమ్మ గురుతు. దీన్ని చూసే వరస తప్పకుండా పోస్తుంటి," అన్నాడు. ఆమె చివరి స్నానానికి ఆ నీళ్లే వాడాం.

ఇంతకీ నేను చెప్పాలనుకున్నది ఆమె పెరట్లో ఉన్న స్విమ్మింగ్ పూల్ సంగతి. అవును, నీళ్లకు బిందెలు విసురుకునే ఊళ్లో స్విమ్మింగ్ పూల్. కట్టించింది పెదనాయన, అంటే పెద్దమ్మ భర్త. పలకరాయి వ్యాపారం బాగా నడిచిన రోజుల్లో ఆయనకు ఎక్కడెక్కడి నుంచో కొనుగోలుదారులు వచ్చేవాళ్లు. వాళ్ల ముందు గొప్పగా ఉండాలని పెరట్లో దీన్ని తవ్వించాడు. పూల్‌కు నున్నటి టైల్స్ వేయించమని మేస్త్రి మొత్తుకున్నా వినలేదు. మన ఇంట్లో పక్కవాడి టైల్సా అని, అడుగు నుంచి గట్టు దాకా సొంత క్వారీ పలకరాయే పరిపించాడు. పలకరాయి పొరలు పొరలుగా ఉంటుంది. నీళ్లలో నానితే ఆ పొరలు లేస్తాయి, లేచిన ప్రతి పొర కిందా పాచి కాపురం పెడుతుంది. క్వారీ తవ్వినవాళ్లు తప్ప ఇంకెవరూ ఆ తప్పు చెయ్యరు. పెదనాయన దాన్ని స్విమ్మింగ్ పూల్ అనేవాడు. పెద్దమ్మ తొట్టి అనేది.

పెదనాయన నలుగురిలో మహా సరదా మనిషి. ఇంట్లో పెద్దమ్మ మీద చెయ్యి చేసుకునేవాడు. ఒకరోజు మధ్యాహ్నం పెద్ద వ్యాపారులను భోజనానికి పిలిచి, భోజనాలయ్యాక అందరూ పెరట్లో నిలబడి ఉంటే, తమలపాకుల పళ్లెం పట్టుకొచ్చిన పెద్దమ్మను నవ్వుతూ నీళ్లలోకి తోశాడు. పట్టుచీర, నగలు, పళ్లెంతో సహా పడింది. ఆమెకు ఈత రాదు. మునిగి, లేచి, మళ్లీ మునిగింది. గట్టు మీదున్నవాళ్లు నవ్వారు. కడుపులోకి నీళ్లు పోయి కళ్లు తేలేశాక ఎవరో దిగి తీశారు. మా అమ్మ ఆ సంగతి చెప్పిన ప్రతిసారీ పళ్లెం దగ్గర ఆగిపోయేది. ఆ వెండి పళ్లెం పెద్దమ్మ చేతిలో అట్లాగే ఉందట, వదల్లేదట.

పెదనాయన పోయాక పెద్దమ్మ ఆ తొట్టి వైపు తలుపు మూసేసింది. మోటారు తుప్పు పట్టింది. వానలకు నీళ్లు నిండాయి, వేపాకు రాలింది, పాచి పట్టింది. ముందు లేతపచ్చ, తర్వాత ముదురుపచ్చ, ఆ తర్వాత ఏ రంగో చెప్పలేని నలుపు. కప్పలు, దోమలు, వాటి కోసం పాములు. దోమల మందు కొట్టేవాళ్లు వచ్చి శుభ్రం చేయించమంటే వాళ్లను గేటు దాకా తరిమింది. నేనూ ఒకసారి అడిగాను. "కుళ్లనీ. ఆయన ముచ్చట గదా, కుళ్లి కంపు కొట్టనీ," అంది.

అక్కను గిద్దలూరు ఇచ్చారు. బావకు అక్కడ ఎరువుల దుకాణం. బావ కొడతాడని మాకు తెలుసు. తెలిసీ అందరం పండగలకు కొత్తబట్టలు పెట్టి, ఆకు వేసి వడ్డించాం. పెద్దమ్మ రెండుసార్లు అక్కను తీసుకొచ్చేస్తానని బయల్దేరింది. రెండుసార్లూ అక్కే ఫోన్ చేసి ఆపింది, వద్దమ్మా, సర్దుకుంటానని. ఒక వేసవి మధ్యాహ్నం అక్క బస్సు దిగి, కుడిచెయ్యి చున్నీతో మెడకు కట్టుకుని, నా దుకాణం ముందుకొచ్చి నిలబడింది. ఏదో అడిగితే పలకలేదు. ఇటు పక్కకొచ్చి మళ్లీ అడిగితే పలికింది. ఎడమ చెవి మీద బావ కొట్టాడు. ఆ చెవి అప్పటి నుంచి వినపడదు.

పెద్దమ్మ ఆమెను చూసి అరుస్తుందనుకున్నాను. అరవలేదు. అన్నం కలిపి, ముద్దలు చేసి తినిపించింది. తర్వాత నన్ను వంటింట్లోకి లాగింది. "నా చేతులు ఖాళీగా ఉంటే నేను గిద్దలూరు పోయి వాన్ని నరికేసి వస్తానే. నేను జైలుకు పోతే ఈ పిల్లను ఎవరు చూస్తారు? ఏదన్నా పని చూపించు. చిన్న పని కాదు, చేతులు విరిగిపోయే పని," అంది.

వంటింటి కిటికీలోంచి ఆ తొట్టి కనపడుతోంది. నేను వేలు చూపించాను.

మరుసటి రోజే అద్దెకు ఇంజను తెప్పించి, నీళ్లు కంపచెట్ల వైపు తోడించింది. ఆ కంపుకు వీధి వీధంతా కిటికీలు మూసుకుంది. నీళ్లు పోయాక అడుగున మోకాటి లోతు అడుసు, గోడల నిండా చింకి కంబళి లాగా వేలాడే పాచి. కొంగు నడుముకు బిగించి, చేతులకు గోనెపట్టా చుట్టుకుని, పెద్దమ్మ మెట్లు దిగింది. పెదనాయన తోసిన రోజు తర్వాత ఆమె ఆ గోడల మధ్య అడుగు పెట్టడం అదే మొదలు. ముందు పారతో రెండు పాములను కొట్టి గట్టు మీదికి విసిరింది. తర్వాత ఇనుప బ్రష్ తీసుకుంది.

అట్లా గీకడం నేను ఎక్కడా చూడలేదు. పాచి ముక్కలు ఆమె నోట్లో పడుతున్నాయి, ఉమ్ముతోంది, మళ్లీ గీకుతోంది. ఒక్కో గీకుకు ఒక మాట. "ఇది దాని చెవికి. ఇది చెయ్యికి. ఇది నిరుడు విరిగిన పంటికి." కూతురి దెబ్బలు అయిపోతే తనవి మొదలుపెట్టేది. "ఇది నా పట్టుచీరకు." పలక అంచులు బ్లేడు లాగా ఉంటాయి. గోనెపట్టా చిరిగి, అరచేతులు తెగి, పచ్చటి గోడ మీద నెత్తురు చారలు పడేవి. బ్లీచింగ్ పొడి చల్లితే ఆ గాయాలు భగ్గుమనేవి. నేను కట్టు కడతానంటే చెయ్యి విదిలించుకునేది. "కోపాన్ని నోటికిస్తే గాలికి పోతాదే. చేతికియ్యాల. చేతికిస్తే పనన్నా అయితాది." దుకాణం మూసి పోయి నేనూ బురద గంపలు ఎత్తేదాన్ని. అక్క మాత్రం నీడలో కుర్చీ వేసుకుని గోడ వైపు చూస్తూ కూర్చునేది.

కొన్నాళ్లకు అక్క లేచింది. మెట్లు దిగి, బాగున్న చేత్తో బ్రష్ తీసుకుని గీకడం మొదలుపెట్టింది. పెద్దమ్మ చూడనట్టే గోడ వెంట జరిగి, అక్కకు కుడివైపు వచ్చి నిలబడింది. చచ్చిపోయేదాకా ఆమె అక్కకు ఎప్పుడూ కుడివైపునే కూర్చుంది.

గోడలయ్యాయి, గట్టయింది. లోతు వైపు అడుసు మాత్రం ఇంకా మిగిలింది. గట్టు మీద ఒక మూల, బోరు పైపు జాయింటు కారే చోట, ఒక పెద్ద పలక లోపలికి కొంచెం వంగి ఉండేది. దాన్ని గీకలేదు. చుట్టూ రాళ్లన్నీ నల్లగా మెరుస్తుంటే అదొక్కటీ పచ్చగా, వెన్న రాసినట్టు ఉండేది. మరిచిపోయిందేమోనని నేను బ్రష్ తీసుకుని దాని మీద పెట్టబోయాను. మణికట్టు మీద ఫట్టుమని దెబ్బ పడింది. "దాని జోలికి పోవద్దు," అంది.

ఆ తర్వాత వారంలోనే బావ వచ్చాడు. వెంట ఇద్దరు పెద్దమనుషులు. వస్తారని ముందే కబురు వచ్చింది. మా అమ్మకూ నాకూ ఒకటే భయం. పెద్దమనుషులు సర్దిచెబుతారు, అక్క తల వంచుకుని కారెక్కుతుంది, ఈసారి శవమై వస్తుంది. పెద్దమ్మ మాత్రం తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. పెద్దమనుషులకు కుర్చీలు వేసి టీ ఇచ్చింది. "ఏదో కోపంలో చెయ్యి చేసుకున్నాడు లేమ్మా. మొగోడు. చూస్తే అంత కొట్టేవాడి మాదిరి ఉన్నాడా?" అని వాళ్లంటుంటే తల ఊపుతూ వింది. పెద్దమ్మ తల ఊపడం నేను అప్పుడే చూశాను.

మా వైపు అల్లుడు గడప తొక్కితే కాళ్లకు నీళ్లివ్వాలి. అత్తే చెంబు పట్టుకుని ఇవ్వాలి. అది ఇవ్వకపోతే ఇంటికి మాట వస్తుంది, అల్లుడు లోపలికి రాకుండా అక్కడే నిలబడొచ్చు. పెద్దమ్మ చెంబు తీసుకుని బావ ముందుకు పోయింది.

"ముందర కుళాయి పాడైంది నాయనా. పెరట్లోకి రా. కాళ్లు కడుక్కుని, నీ పెళ్లాన్ని నువ్వే పిలుచుకో. అక్కడే ఉంది."

బావ పెద్దమనుషుల వైపు గెలిచినట్టు చూసి, చెప్పులు విప్పి, ప్యాంటు మడిచి ఆమె వెనక నడిచాడు. ఆమె చెంబు అందించింది. "ఆ బండ మీద నిలబడు నాయనా, నీళ్లు అటే పోతాయి," అంది. అతను ఆ పచ్చ పలక మీద కాళ్లు పెట్టాడు. ఒక కాలు మీద నీళ్లు పోసుకుని, రెండో కాలు ఎత్తాడు.

కేక కూడా రాలేదు. చెంబు ఒకవైపు, మనిషి ఒకవైపు. కిందికి పోతూ మోకాలు గట్టుకు కొట్టుకున్న చప్పుడు నేను వంటింట్లోంచి విన్నాను. అడుసులో వెల్లకిలా పడ్డాడు. లేవబోయి పడ్డాడు, గోడ పట్టుకోబోయి మళ్లీ పడ్డాడు. అక్క పరిగెత్తుకొచ్చింది. ఇన్నేళ్ల అలవాటు, పాపం, గట్టు మీద వంగి చెయ్యి అందించింది. అతను ఆ చెయ్యి పట్టుకుని పైకి రాలేదు. ఆమెను కిందికి లాగాడు. ఆమె మోకాళ్ల మీద అడుసులో పడితే, లేవలేక కూర్చున్నవాడు కూర్చున్నట్టే చెయ్యి ఎత్తి ఆమె చెంప మీద కొట్టాడు. పెరటి గుమ్మంలో టీ గ్లాసులు పట్టుకుని పెద్దమనుషులు ఇద్దరూ నిలబడి ఉన్నారు. 'ఏదో కోపంలో' అన్నవాళ్లు కళ్లారా చూశారు.

పెద్దమ్మ పరిగెత్తలేదు. గోడకు ఆనించిన పార తీసుకుని, మెట్టు మెట్టుగా దిగింది. పార వెనక తట్టుకు తిప్పి, కొట్టిన ఆ చేతి మీదే ఒక్కటి వేసింది. ఎండుకట్టె విరిగినట్టు వినపడింది. అతను అప్పుడు అరిచాడు.

"కాళ్లకు నీళ్లిచ్చినాను. నీ మర్యాద అయిపోయింది," అంది పెద్దమ్మ. "ఇది పార వెనక తట్టు నాయనా. దీనికి ముందర తట్టు కూడా ఉంది."

పెద్దమనుషుల్లో పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, అమ్మాయి మాట కూడా..." అన్నాడు. అందరం అక్క వైపు చూశాం. ఒళ్లంతా పచ్చటి బురద. చెంప మీద అయిదు వేళ్లూ ఆ పచ్చలోనే కనపడుతున్నాయి.

"నేను రాను," అంది అక్క. పెళ్లయినాక అక్క ఆ మాట అనడం మేమెవరమూ వినలేదు.

బావను గోనెసంచి మీద పడుకోబెట్టి ఎత్తారు. కేసు పెట్టలేదు. కాళ్లు కడుక్కుంటూ పాచి మీద జారి పడ్డాడని పెద్దమనుషులే ఊరికి చెప్పారు. ఆ చెప్పింది అబద్ధం కూడా కాదు. ఆ తర్వాత మా వంశంలో అల్లుళ్లందరికీ మర్యాద వచ్చింది. మా ఆయన ఇప్పటికీ ఎవరింటికి పోయినా కాళ్లు కడుక్కునే ముందు బండను బొటనవేలితో గీకి చూస్తాడు. ఒకసారి నా మీదికి ఎత్తిన చెయ్యి ఆయన తనంతట తానే దించుకున్నాడు. ఆ దెబ్బ నాకు తగలకపోవడం పెద్దమ్మ నాకు పెట్టిన సారె అనుకుంటాను. ఏ చీరా అంతకాలం మన్నలేదు.

కావాలనే చేశావా అని తర్వాత ఒకసారి అడిగాను. "అల్లుడికి కాళ్లకు నీళ్లియ్యడం కావాలని కాక ఇంకెట్ల ఇస్తారే?" అని నా నెత్తిన మొట్టింది.

తొట్టిలో వానకు నిలిచిన నీళ్లను తల్లీకూతుళ్లు పాచి పట్టనివ్వలేదు. సాయంత్రాలు పెద్దమ్మ చీరతోనే నడుము లోతుకు దిగి, ఒక చేత్తో గట్టు పట్టుకుని, రెండో చేత్తో నీళ్లను కొట్టేది. ఈత కాదు అది. దబదబా కొట్టడమే. అలిసిపోయి, ముఖం తుడుచుకుని, హాయిగా నవ్వేది. ఆ ఒక్క పలక మాత్రం పచ్చగానే ఉండేది. పైపు బాగు చేయించాక దాని మీదికి నీళ్లు కారడం ఆగింది కదా, అందుకని రోజూ పొద్దున్నే ఒక చెంబు నీళ్లు దాని మీద పోసేది. బిందె నీళ్ల కోసం మనుషులను కొట్టిన మనిషి. చూసినవాళ్లు ఏ మొక్కకో పోస్తుందనుకునేవాళ్లు.

పెద్దకర్మ నాడు వడ్డనలు అవుతుండగా గేటు చప్పుడైంది. బావ. జుట్టు నెరిసింది, కాలు ఈడుస్తున్నాడు, వెంట ఎవరూ లేరు. మా అమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. పార పట్టే చెయ్యి ఇప్పుడు ఆ ఇంట్లో లేదు. అది లెక్క చూసుకునే వచ్చాడని అందరికీ అర్థమైంది.

అతను నేరుగా పెరట్లోకి, అక్క దగ్గరికి వచ్చాడు. గొంతు మెత్తగా పెట్టాడు. "అత్త పోయిందంట. ఇంత ఇంట్లో ఒంటిగా ఎట్ల ఉంటావు? జరిగిందేదో జరిగింది. పా, ఇంటికి పోదాం," అన్నాడు. అక్క మెల్లగా తల తిప్పి, ఎడమ చెవి అతని వైపు పెట్టింది. అతను ఇంకా ఏదేదో చెప్పాడు. చెప్పిందంతా ఆ చెవిలోకే పోయింది.

అతని మాటలు అయ్యాక అక్క లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. పెద్దమ్మ చెంబే. బావ ముందు నిలబడి, "కాళ్లు కడుక్కుంటావా?" అని అడిగింది. జవాబు కోసం చూడలేదు. మూలకు పోయి, వంగి, ఆ చెంబు నీళ్లు పలక మీద నిదానంగా, మూల మూలకూ తడిసేలా పోసింది. పెద్దమ్మ పోయిన రోజు నుంచి ఎవరూ నీళ్లు పోయక వాడిన పాచి నల్లబడి ఉంది. నీళ్లు తాకగానే పచ్చబడింది.

బావ చెప్పులు విప్పలేదు.